‘క్రాస్ – నిల్’ అని రాసుకున్న ఎంక్వైరీ: ఒక లేబర్ కోర్టు కేస్ స్టడీ

డొమెస్టిక్ ఎంక్వైరీ (ఉద్యోగి మీద యాజమాన్యం తానే జరిపే విచారణ) ఫైళ్లు తిరగేసే లాయర్లందరికీ ఈ రెండు మాటలు పరిచయమే. సాక్షి చెప్పింది టైపు చేస్తారు. దాని కింద ‘క్రాస్ – నిల్, అవకాశం ఇవ్వబడినది’ అని, అంటే ఎదురు ప్రశ్నలు (క్రాస్ ఎగ్జామినేషన్) ఏవీ వేయలేదని రాసి కార్మికుడి సంతకం తీసుకుంటారు. తర్వాత రిపోర్టులో ‘సాక్షి చెప్పిన దాన్ని ఉద్యోగి ఖండించలేదు’ అన్న వాక్యం వస్తుంది. ఇంక డిస్మిస్సల్ ఆర్డరు రావడానికి ఎంతో సమయం పట్టదు.

ఇక్కడ రాస్తున్న కేసులో నేను కార్మికుడి తరఫు లాయర్‌ని. మా వాదన మొత్తం ఆ ‘నిల్’ మీదే నడిచింది. ఎదురు ప్రశ్నలు వేసే అవకాశం ఇచ్చామని కాగితం మీద ఉండొచ్చు. ఆ అవకాశాన్ని వాడుకోగల పరిస్థితి మనిషికి ఉందా అన్నది కోర్టు విడిగా చూడాలి. సాక్షి అంతకుముందు ఏం చెప్పాడో తెలియకుండా, సిద్ధం కావడానికి ఒక రోజు కూడా ఇవ్వకుండా, అసలు సాక్షినే పిలవకుండా ‘అడుగు’ అంటే ఏం అడుగుతాడు? పక్షాల పేర్లు, ఊరు ఇక్కడ రాయడం లేదు. వివరాలు రాయడానికి క్లయింట్ ఒప్పుకున్నారు.

ఆరోపణ

క్లయింట్ ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) క్లర్కు. పదహారేళ్ల సర్వీసులో ఒక్క మెమో లేదు. ఫ్యాక్టరీలో పోగయ్యే ఇనుప స్క్రాప్‌ను కాంట్రాక్టరు లారీల్లో తీసుకెళ్తాడు. లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి, లోడు ఎక్కాక ఇంకోసారి తూస్తారు. ఆ తేడా మీద కాంట్రాక్టరు డబ్బు కడతాడు. లోడు తూకం తక్కువ పడితే ఫ్యాక్టరీకి నష్టం, కాంట్రాక్టరుకు లాభం.

ఒక రాత్రి షిఫ్టులో ఒక ఆరు చక్రాల లారీ లోడు తూకం 14,260 కిలోలని స్లిప్పు వచ్చింది. గేటు దాటకముందే సెక్యూరిటీ ఆఫీసర్ ఆ లారీని ఆపించాడు. మర్నాడు మధ్యాహ్నం హైవే మీద ఉన్న ఒక ప్రైవేటు వేబ్రిడ్జిలో మళ్లీ తూయిస్తే 15,480 వచ్చింది. తేడా 1,220 కిలోలు. వెనక చక్రాలు ప్లాట్‌ఫాం మీదకు రాకుండానే తూకం వేశాడని, అందుకు డ్రైవర్ దగ్గర డబ్బు తీసుకున్నాడని, యాజమాన్యం నమ్మకాన్ని వమ్ము చేశాడని మూడు అభియోగాలతో ఛార్జ్‌షీట్ ఇచ్చారు. ఆ రోజే సస్పెండ్ చేశారు.

ఆయన ఇచ్చిన వివరణ చిన్నది. లారీ మొత్తం ప్లాట్‌ఫాం మీదే ఉందని, డబ్బు తీసుకోలేదని, రెండో తూకం తన ముందు జరగలేదని రాశారు. వివరణలో వాస్తవాలనే కాదన్నారన్న సంగతి తర్వాత మాకు చాలా ఉపయోగపడింది. ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది.

ఎంక్వైరీ జరిగిన తీరు

ఎంక్వైరీ ఆఫీసర్ ప్రాక్టీసులో ఉన్న లాయరు. యాజమాన్యం తరఫున కేసు నడిపే ప్రెజెంటింగ్ ఆఫీసర్ లా డిగ్రీ ఉన్న హెచ్ఆర్ మేనేజరు. తోటి కార్మికుణ్ణి సాయంగా తెచ్చుకోవచ్చని నోటీసులో రాశారు గానీ, ఆయన కోరిన వ్యక్తికి ఆ రోజు డ్యూటీ నుంచి రిలీఫ్ ఇవ్వలేదు. చట్టం చదివిన ఇద్దరి ముందు ఇంటర్ చదివిన గుమస్తా ఒక్కడే కూర్చున్నాడు. యాజమాన్యం తరఫున న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు నిలబడినప్పుడు ఉద్యోగికి లాయర్‌ను నిరాకరించడం అన్యాయమని బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఆ పాయింటు కూడా లేవనెత్తాం. కానీ ఆయన లాయర్ కావాలని రాతపూర్వకంగా అడగలేదు కాబట్టి లేబర్ కోర్టు దాని లోతుకు వెళ్లలేదు.

సాక్షులు ఇద్దరు. మొదట సెక్యూరిటీ ఆఫీసర్. రెండోది గేటు దగ్గర డ్యూటీలో ఉన్న గార్డు. డ్రైవర్‌ను పిలవలేదు. ‘నేను క్లర్కుకు డబ్బు ఇచ్చాను’ అని డ్రైవర్ రాసిచ్చినట్టున్న కాగితాన్ని సెక్యూరిటీ ఆఫీసర్ ద్వారా రికార్డులోకి తెచ్చారు. ప్రిలిమినరీ ఎంక్వైరీలో (ముందస్తు విచారణలో) గార్డు దగ్గర కూడా ఒక స్టేట్‌మెంట్ తీసుకున్నారని సెక్యూరిటీ ఆఫీసర్ మాటల్లో బయటపడింది. అదే మా క్లయింట్‌కు దారి చూపింది. ఆయన అక్కడికక్కడే తెల్లకాగితం తీసుకుని రాశారు:

‘ఎంక్వైరీ ఆఫీసర్ గారికి. గార్డు, డ్రైవర్ ఇంతకుముందు ఇచ్చిన స్టేట్‌మెంట్ల కాపీలు నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. అవి చదివిన తర్వాత ప్రశ్నలు అడుగుతాను. డ్రైవర్‌ను కూడా పిలిపించండి.’

కార్బన్ కాపీ మీద ‘అందినది’ అని సంతకం తీసుకున్నారు. లాయర్ సాయం లేకుండా ఆ పని చేసినందుకు నాకు ఆయన మీద ఎనలేని గౌరవం. ఈ కేసులో మేం గెలిచిన ప్రతి అడుగుకూ ఆ కార్బన్ కాపీయే ఆధారం. ఆ కాగితం మీద ఏ ఆర్డరూ వేయలేదు. అదే పూట గార్డు చెప్పింది రికార్డు చేసి, కింద ‘క్రాస్ – నిల్’ అని రాసి ఎంక్వైరీ ముగించారు. రిపోర్టులో మాత్రం గార్డు మొదటి స్టేట్‌మెంట్‌నూ డ్రైవర్ కాగితాన్నీ ‘పరిశీలించితిని’ అని రాశారు. మూడు అభియోగాలూ రుజువయ్యాయన్నారు. డిస్మిస్ చేశారు.

లేబర్ కోర్టులో మొదటి ఘట్టం

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 కింద డిస్మిస్ అయిన కార్మికుడు నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలును ఆంధ్రప్రదేశ్ 1987లోనే సవరణ ద్వారా తెచ్చింది. పార్లమెంటు దేశమంతటికీ ఆ వీలు ఇచ్చింది 2010లో. (2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది.) మేం ఆ వీలు ఇచ్చే 2ఏ(2) సెక్షన్ కిందే పిటిషన్ వేశాం. డొమెస్టిక్ ఎంక్వైరీ సక్రమంగా జరిగిందా లేదా అన్నది ముందు తేల్చమని అడిగాం. ఇలాంటి కేసుల్లో ఇది మామూలు పద్ధతి. ఎంక్వైరీ నిలబడితే చర్చ శిక్ష మీదకు వెళ్తుంది. పడిపోతే యాజమాన్యం అభియోగాలను కోర్టు ముందు మొదటి నుంచీ రుజువు చేసుకోవాలి.

పిటిషన్‌తో పాటే స్టేట్‌మెంట్లను దాఖలు చేయించమని అప్లికేషన్ వేశాం. సాక్షులను పిలిపించడానికి, దస్తావేజులు తెప్పించడానికి ఆ చట్టం 11(3) కింద లేబర్ కోర్టుకు సివిల్ కోర్టు అధికారాలుండేవి. ఈ అప్లికేషన్ ఎందుకు ముఖ్యమో చెప్పాలి. ‘కాపీలు ఇవ్వలేదు, కాబట్టి ఎంక్వైరీ చెల్లదు’ అని ఊరుకుంటే ఈ రోజుల్లో సరిపోదు. కాపీ ఇవ్వకపోవడం వల్ల నీకు జరిగిన నష్టం ఏమిటని కోర్టు అడుగుతుంది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ మీద వచ్చిన కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1993లో ఇదే కొలమానం పెట్టింది. ఎంక్వైరీ రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇచ్చి తీరాలంటూనే, ఇవ్వనప్పుడు దానివల్ల ఫలితం మారేదా లేదా చూడాలంది. 1996లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాటియాలా – ఎస్.కె. శర్మ కేసులో సాక్షుల స్టేట్‌మెంట్ల కాపీలు ఇవ్వకపోయినా, వాటిని చూసుకుని నోట్సు రాసుకునే అవకాశం ఉద్యోగికి దొరికింది కాబట్టి నష్టం లేదంది. యాజమాన్యం తరఫు లాయర్లు ముందుగా తీసేది ఈ శర్మ తీర్పే.

దీనికి జవాబుగా 2015 నాటి ఆండమాన్ టింబర్ తీర్పు ఉంది. అది ఎక్సైజ్ కేసు. ఏ సాక్షుల మాటల మీద ఆర్డరు నిలబడిందో ఆ సాక్షులను ఎదురు ప్రశ్నించనివ్వకపోవడం ఆర్డరునే చెల్లకుండా చేసేంత పెద్ద లోపమని, క్రాస్‌లో ఏం రాబట్టగలిగేవాళ్లో ట్రిబ్యునల్ ముందే ఊహించి తేల్చకూడదని అందులో చెప్పారు. మంచి తీర్పు. నేనూ వాడాను. కానీ దాని మీదే భారం వేసి కూర్చోవడం నాకు నచ్చదు. నష్టాన్ని చూపించగలిగినప్పుడు చూపించాలి. అలా చూపించాలంటే ఆ కాగితం మన చేతికి రావాలి.

అడిగిన స్టేట్‌మెంట్లు వచ్చాయి. గార్డు మొదటి స్టేట్‌మెంట్ ఆరు లైన్లు. సారాంశం ఇది: ‘నేను గేటు దగ్గర ఉన్నాను. తూకం అయ్యాక లారీ గేటు వైపు వచ్చింది. ఆఫీసర్ గారు ఆపమన్నారు. ఆపాను.’ చక్రాల మాటే లేదు. వేబ్రిడ్జి దగ్గర ఉన్నానన్న మాటా లేదు. ఎంక్వైరీలో మాత్రం అదే గార్డు తాను వేబ్రిడ్జి పక్కనే నిలబడి ఉన్నానని, వెనక చక్రాలు బయట ఉండడం కళ్లారా చూశానని చెప్పాడు. ఇంతకంటే స్పష్టంగా నష్టాన్ని చూపించడం కష్టం. ఈ ఆరు లైన్లు ఆ రోజు క్లయింట్ చేతిలో ఉండి ఉంటే, లాయర్ అక్కర్లేకుండానే ఆయన మొదటి ప్రశ్న అడిగేవారు.

ఎంక్వైరీ ఆఫీసర్‌ను క్రాస్ చేయడం

ఎంక్వైరీ సక్రమంగా జరిగిందా అన్న ప్రిలిమినరీ ఇష్యూలో ఎంక్వైరీ ఆఫీసరే యాజమాన్యం మొదటి సాక్షి, ఎండబ్ల్యూ-1. ఆయనతో వాదన పెట్టుకుంటే ఒరిగేదేమీ ఉండదు. అనుభవం ఉన్న లాయరు, తన రిపోర్టును ఎలా సమర్థించుకోవాలో తెలిసిన మనిషి. అందుకే కాగితంలో జవాబు ఉన్న ప్రశ్నలే అడిగాను.

ప్ర: గార్డు, డ్రైవర్ల పాత స్టేట్‌మెంట్లు ఎంక్వైరీ మొదలయ్యే నాటికి మీ ఫైల్లో ఉన్నాయా?
జ: ఉన్నాయి.
ప్ర: రిపోర్టు రాసేటప్పుడు వాటిని పరిశీలించారా?
జ: పరిశీలించాను.
ప్ర: వాటి కాపీల కోసం ఉద్యోగి ఇచ్చిన ఈ లెటర్ మీకు అందిందా?
జ: అందింది. సంతకం నాదే.
ప్ర: దాని మీద ఆర్డరు ఏదైనా వేశారా?
జ: విడిగా వేయలేదు.
ప్ర: డ్రైవర్‌కు నోటీసు పంపమని యాజమాన్యాన్ని అడిగినట్టు ప్రొసీడింగ్స్‌లో ఎక్కడైనా ఉందా?
జ: లేదు.

అక్కడితో ఆపేశాను. ‘ఎందుకు ఇవ్వలేదు’ అని అడగాలని ఎవరికైనా నోటి దాకా వస్తుంది. కానీ అలా అడిగామంటే, కోరితే చూపించడానికి సిద్ధంగానే ఉన్నానని, ఉద్యోగి మౌఖికంగా వద్దన్నాడని ఏదో ఒక వివరణ రికార్డులోకి వస్తుంది. శర్మ తీర్పుకు కావలసింది కూడా అదే. మాకు కావలసిన ఐదు జవాబులూ వచ్చేశాయి.

యాజమాన్యం రెండు తీర్పుల మీద ఆధారపడింది. మొదటిది 1977 నాటి రతన్ సింగ్ కేసు. టికెట్ లేని ప్రయాణికులతో దొరికిన హర్యానా బస్ కండక్టర్ గురించి జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు అది. డొమెస్టిక్ ఎంక్వైరీకి సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదని, ప్రయాణికులను విచారించకపోయినంత మాత్రాన ఎంక్వైరీ పడిపోదని చెప్పింది. డ్రైవర్‌ను పిలవకపోవడాన్ని దీంతో కప్పిపుచ్చాలని చూశారు. కానీ ఆ కేసులో బస్సు ఆపి తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టరే వచ్చి సాక్ష్యం చెప్పాడు. తాను చూసింది తాను చెప్పాడు, అతన్ని ప్రశ్నించే వీలు కండక్టర్‌కు ఉంది. మా కేసులో డబ్బు చేతులు మారడం చూసినవాళ్లు ఎవరూ రాలేదు. ఇచ్చానన్నవాడు రాలేదు. అతని కాగితం ఒక్కటే వచ్చింది. కాగితాన్ని ప్రశ్నించలేం. ఎంక్వైరీలో దస్తావేజు పెట్టినంత మాత్రాన అందులోని విషయం రుజువైనట్టు కాదని 2008లో రూప్ సింగ్ నేగీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటను ఎదురు పెట్టాం.

రెండోది 1983 నాటి కె.ఎల్. త్రిపాఠి కేసు. క్రాస్ ఎగ్జామినేషన్ ప్రతి ఎంక్వైరీలోనూ తప్పనిసరి కాదని దాని సారాంశం. కానీ ఆ బ్యాంకు ఉద్యోగి జరిగిన వాస్తవాలను కాదనలేదు. వాటికి వివరణ మాత్రమే ఇచ్చాడు. కాదనని విషయం మీద సాక్షిని ప్రశ్నించి సాధించేది ఉండదు. మా క్లయింట్ మొదటి వివరణలోనే వాస్తవాలను కాదన్నారు. పైన ఆ చిన్న వివరణ ఉపయోగపడిందన్నది ఇందుకే. ఛార్జ్‌షీట్‌కు జవాబు రాయడానికి వచ్చే కార్మికులను ‘క్షమించండి, ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ లాంటి వాక్యాలు రాయొద్దని నేను గట్టిగా చెప్తాను. ఆ ఒక్క వాక్యంతో త్రిపాఠి తీర్పు ఎదుటివాళ్ల చేతికి వెళ్తుంది.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ మొదట గుర్తొచ్చేది 1963 నాటి మీంగ్లాస్ టీ ఎస్టేట్ తీర్పు. గొడవలో భాగమైన మేనేజర్లే విచారణ జరిపారు. సాక్షులెవరినీ కార్మికుల ముందు విచారించలేదు, కార్మికులనే ప్రశ్నలడిగి తేల్చేశారు. ఆరోపణ ఏమిటో తెలిస్తే చాలదని, దాన్ని నిలబెట్టే సాక్ష్యం ఏమిటో కూడా ఆ మనిషికి తెలియాలని, సాక్షిని ప్రశ్నించే వీలు ఉండాలని జస్టిస్ హిదాయతుల్లా అందులో రాశారు. టీ తోట కూలీల కోసం రాసిన ఆ సూత్రం ఆరు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు.

లేబర్ కోర్టు ఎంక్వైరీ చెల్లదంది. రెండు కారణాలు చూపింది: రాతపూర్వకంగా అడిగినా స్టేట్‌మెంట్లు ఇవ్వకుండా వాటినే ఆధారం చేసుకోవడం, డ్రైవర్‌ను పిలవకుండా అతని కాగితాన్ని నమ్మడం.

రెండో ఘట్టం

ఎంక్వైరీ పడిపోగానే కార్మికుడు గెలిచాడని చాలామంది అనుకుంటారు. ఇంట్లోవాళ్లు స్వీట్లు కూడా పంచుతారు. అసలు పని అక్కడే మొదలవుతుంది. కొత్తగా సాక్ష్యం పెట్టుకునే హక్కును యాజమాన్యం తన కౌంటర్‌లో (పిటిషన్‌కు ఇచ్చే రాత జవాబులో) ముందే అడిగి ఉంటే, దానికి అవకాశం ఇవ్వాలి. కర్ణాటక ఆర్టీసీ – లక్ష్మీదేవమ్మ కేసులో 2001లో రాజ్యాంగ ధర్మాసనం స్థిరపరచిన నియమం అది. ఈ కేసులో వాళ్లు అడిగారు. సెక్యూరిటీ ఆఫీసర్, గార్డు ఈసారి కోర్టు బోనులోకి వచ్చారు. డ్రైవర్‌కు సమన్లు వెళ్లాయి. ఆ అడ్రసులో ఎవరూ లేరని తిరిగొచ్చాయి.

గార్డు గురించి ఒక మాట. అతను ఫ్యాక్టరీ ఉద్యోగి కాదు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాడు. సెక్యూరిటీ ఆఫీసర్ ఒక్క మాటంటే మర్నాడు డ్యూటీ ఉండదు. అతను దొంగ సాక్షి అని అరవడం, చదువు గురించి, జీతం గురించి ఎగతాళి చేయడం తేలికే. అవమానించడానికి, విసిగించడానికి వేసే ప్రశ్నలను కోర్టు ఆపేయాలని సాక్ష్య చట్టం 152వ సెక్షన్ చెప్పేది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 155. సెక్షన్ లేకపోయినా ఆ పని చేయకూడదు. న్యాయమైన విచారణ కావాలని అడుగుతున్నవాళ్లం బలహీనుడైన సాక్షిని హింసిస్తే ఆ మాటకు విలువేముంది? పైగా అలాంటి సాక్షిని గౌరవంగా అడిగితే నిజానికి దగ్గరగానే చెప్తాడు.

ముందు అతను చీఫ్‌లో (యాజమాన్యం లాయర్ అడిగినప్పుడు) చెప్పిన దాన్ని మరింత గట్టిగా చెప్పనిచ్చాను.

ప్ర: లారీ ప్లాట్‌ఫాం మీద ఉన్నప్పుడు మీరు ఎంత దూరంలో ఉన్నారు?
జ: పది అడుగుల్లో సార్.
ప్ర: వెలుతురు ఉందా?
జ: ఉంది సార్. ఫోకస్ లైటు ఉంటుంది.
ప్ర: వెనక చక్రాలు కొంచెం బయట ఉన్నాయా, పూర్తిగానా?
జ: పూర్తిగా బయటే.
ప్ర: ఒక పక్కేనా?
జ: కాదు సార్. రెండు పక్కలా. ఇరుసు మొత్తం బయటే.

ఈ చివరి జవాబే తర్వాతి సాక్షి దగ్గర అన్నిటికంటే ముఖ్యమైంది. ‘సగం బయట ఉంది, అంచు మీద ఉంది’ అని తప్పించుకునే దారి దాంతో మూసుకుపోయింది. అప్పుడు మొదటి స్టేట్‌మెంట్ చేతికిచ్చాను. సంతకం తనదేనన్నాడు. ఏ భాగం గురించి అడుగుతున్నానో చూపించి చదివించాను. పాత 145వ సెక్షన్, ఇప్పటి 148 చెప్పే క్రమం ఇదే. రాతలో ఉన్న దానితో సాక్షిని తప్పుపట్టాలనుకుంటే ఆ భాగాన్ని ముందు అతనికి చూపించాలి. సాక్ష్య చట్టం లేబర్ కోర్టును అక్షరాలా కట్టిపడేయదు. అయినా ఆ క్రమం పాటించాలి, ఎందుకంటే అది సాక్షికి కూడా న్యాయం. జవాబు చెప్పుకునే వీలు అతనికీ ఉండాలి కదా.

ప్ర: ఇందులో చక్రాల గురించి ఉందా?
జ: లేదు సార్.
ప్ర: వేబ్రిడ్జి దగ్గర ఉన్నానని ఉందా?
జ: గేటు దగ్గర అని ఉంది.
ప్ర: ఆ రోజు మీరు చెప్పిందే రాశారా?
జ: చెప్పిందే రాశారు సార్.

గార్డుతో దాదాపు అంతే. చివర్లో మా వైపు కథనాన్ని అతని ముందు పెట్టాను. లారీ మొత్తం ప్లాట్‌ఫాం మీదే ఉందని, మీరు గేటు దగ్గరే ఉండి తూకం చూడలేదని, ఆఫీసర్ చెప్పమన్నట్టు చెబుతున్నారని సూచించాను. ‘అనడం నిజం కాదు’ అని జవాబులు వచ్చాయి. డిపోజిషన్ల (సాక్షుల వాంగ్మూలాల) నిండా ఉండే ఆ వాక్యాన్ని చూసి జూనియర్లు ఇది ఉత్త లాంఛనమనుకుంటారు. అది పొరపాటు. మన కథనాన్ని సాక్షి ముందు పెట్టకపోతే అతను చెప్పింది ఒప్పుకున్నట్టేనని ఎదుటివాళ్లు వాదిస్తారు. క్రాస్‌లో తన కేసును సాక్షి ముందు ఉంచడం కేవలం పద్ధతికి సంబంధించిన విషయం కాదని, న్యాయానికి సంబంధించిన అసలు విషయమని ముద్దసాని వెంకట నర్సయ్య కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. మన ప్రాంతం నుంచి వెళ్లిన సివిల్ తగాదా అది. క్రాస్ చేయబోయే జూనియర్లకు ముందుగా చదవమని నేను ఇచ్చే తీర్పు అదే.

తూకం లెక్క

ఈ ప్రశ్నలు నావి కావు. క్లయింట్‌వి. వేబ్రిడ్జి ముందు పదహారేళ్లు కూర్చున్న మనిషికి తెలిసిన లెక్క అది. గార్డు ‘ఇరుసు మొత్తం బయట’ అన్న రోజున కోర్టు వరండాలోనే ఆయన నాకు వివరించారు. ఆరు చక్రాల లారీకి రెండే ఇరుసులు. లోడు ఎక్కితే సగానికి పైగా బరువు వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక ఇరుసు ప్లాట్‌ఫాం దిగితే తూకం కిలోల్లో తగ్గదు, టన్నుల్లో పడిపోతుంది.

సెక్యూరిటీ ఆఫీసర్ బోనులోకి వచ్చినప్పుడు అడిగాను.

ప్ర: లోడు లారీలో సగం కంటే ఎక్కువ బరువు వెనక ఇరుసు మీద ఉంటుందని మీకు తెలుసా?
జ: తెలుసు.
ప్ర: మీ రెండో తూకం ప్రకారం లారీ మొత్తం బరువు 15,480. వెనక ఇరుసు మొత్తం బయట ఉంటే ఎనిమిది టన్నులు దాటి చూపదంటే కాదనగలరా?
జ: కాదనలేను.
ప్ర: స్లిప్పులో ఎంత ఉంది?
జ: 14,260.

అతను మొదటి ప్రశ్నకే తెలియదని ఉంటే ఏం చేయాలో కూడా ముందే అనుకున్నాం. వేబ్రిడ్జి మెయింటెనెన్స్ చేసే మెకానిక్‌కు సమన్లు ఇప్పించడానికి అప్లికేషన్ రాసి సిద్ధంగా ఉంచాం. ఏ జవాబు వచ్చినా మన దగ్గర తర్వాతి అడుగు ఉన్నప్పుడే ఇలాంటి ప్రశ్న అడగాలి. ఆ అప్లికేషన్ అవసరం పడలేదు.

రెండో తూకం గురించి ఆయన చెప్పింది క్లుప్తంగా ఇంతే: లారీ రాత్రంతా ఫ్యాక్టరీ యార్డులో ఉంది, సీలు వేయలేదు, పంచనామా లేదు, క్లర్కును పిలవలేదు, ఆ ప్రైవేటు వేబ్రిడ్జికి తూనికలు, కొలతల శాఖ వేసే వార్షిక ముద్ర సర్టిఫికెట్ తన దగ్గర లేదు. సెక్యూరిటీ వాళ్లు గేట్‌పాస్ లేకుండా లారీలు వదులుతున్నారని క్లయింట్ అంతకుముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. ఆ కక్షతోనే ఇదంతా జరిగిందని సూచించాం. కోర్టు దాన్ని నమ్మలేదు, కాదనీ అనలేదు. వదిలేసింది.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలనిపిస్తోంది. ఈ లెక్క డొమెస్టిక్ ఎంక్వైరీ గదిలోనే బయటపడాల్సింది. దానికి పెద్ద చదువు, లాయర్, సెక్షన్లు ఏవీ అక్కర్లేదు. ఆ పని తెలిసిన మనిషికి సాక్షి పాత మాట, కొత్త మాట రెండూ చూపించి, ఒక రోజు గడువు ఇస్తే చాలు. ఎదురు ప్రశ్నల హక్కు లాయర్ల సరదా కోసమని, కేసులు సాగదీసే ఎత్తుగడ అని అనేవాళ్లు ఉన్నారు. ఒక పూట గడువు ఇచ్చి ఉంటే యాజమాన్యానికి కొన్నేళ్ల కోర్టు ఖర్చు తప్పేది. ఆ కుటుంబానికి కొన్నేళ్ల నరకం తప్పేది. ఆ మధ్యలో ఆయన కూతురు ఇంజనీరింగ్ సీటు వదులుకుని డిగ్రీలో చేరింది. ఆ నష్టాన్ని ఏ అవార్డూ (లేబర్ కోర్టు తీర్పును అలా అంటారు) పూడ్చలేదు.

ఈ హక్కుకు హద్దులు ఉన్నాయని నేనూ ఒప్పుకుంటాను. 1973లో హీరానాథ్ మిశ్రా కేసులో, రాంచీ మెడికల్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లోకి రాత్రిపూట చొరబడిన విద్యార్థుల ముందు ఆ అమ్మాయిలను నిలబెట్టి ప్రశ్నలు వేయించాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు అంది. అది సరైన తీర్పే. సాక్షికి నిజమైన ప్రమాదం ఉంటే వేరే దారి వెతకాలి, ప్రశ్నలు రాసివ్వమనొచ్చు, కమిటీ ద్వారా అడిగించొచ్చు. కానీ ఆ తీర్పును స్క్రాప్ లారీ కేసులో, కంపెనీ గార్డు విషయంలో కూడా ఉటంకిస్తుంటారు. యాజమాన్యం సొంత సాక్షికి కార్మికుడి నుంచి ప్రమాదం ఏముంటుంది?

అవార్డు

తూకం మోసం, డబ్బు తీసుకోవడం రుజువు కాలేదని కోర్టు తేల్చింది. అయితే స్లిప్పు మీద డ్రైవర్ సంతకం తీసుకోలేదని, నైట్ రిజిస్టర్లో ఆ లారీ ఎంట్రీ సగమే ఉందని యాజమాన్యం చూపించింది. అది నిజం. మా క్లయింట్ కూడా క్రాస్‌లో ఒప్పుకున్నారు. ఒప్పుకోమని నేనే చెప్పాను. కంటికి కనిపించే రిజిస్టర్‌ను కాదంటే మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది. ఆ నిర్లక్ష్యానికి డిస్మిస్సల్ మితిమీరిన శిక్ష అంటూ శిక్షను మార్చే అధికారం ఇచ్చే 11ఏ సెక్షన్ కింద ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవాలని, సర్వీసు కొనసాగింపుతో పాటు సగం బ్యాక్ వేజెస్ (పనిలో లేని కాలపు జీతం) ఇవ్వాలని ఆదేశించింది. పూర్తి బ్యాక్ వేజెస్ కోసం మేం పైకి వెళ్లలేదు. రిజిస్టర్ సంగతి రికార్డులో ఉండగా అది సాహసమే అవుతుంది, ఆయనకూ అంత ఓపిక మిగల్లేదు.

యాజమాన్యం హైకోర్టులో రిట్ వేసి అవార్డు అమలు ఆపించుకుంది. మేం వెంటనే 17బి కింద పిటిషన్ వేసి, ఈ మధ్య ఆయన ఎక్కడా ఉద్యోగం చేయడం లేదని అఫిడవిట్ ఇచ్చాం. రిట్ నడిచినంత కాలం ఆఖరున తీసుకున్న జీతం చొప్పున నెలనెలా వచ్చింది. వాదనల్లో యాజమాన్యం మళ్లీ రతన్ సింగ్ తీర్పు చదివింది. హైకోర్టు గార్డు రెండు స్టేట్‌మెంట్లను పక్కపక్కన పెట్టి చూసి, లేబర్ కోర్టు వాస్తవాల మీద ఇచ్చిన నిర్ణయంలో జోక్యం చేసుకోవడానికి కారణం లేదంటూ రిట్ కొట్టేసింది. ఆయన డ్యూటీలో చేరారు. వేబ్రిడ్జి మీద కాదు, స్టోర్స్‌లో వేశారు. హోదా, జీతం తగ్గలేదు కాబట్టి దాని మీద అభ్యంతరం పెట్టలేదు. సగం బ్యాక్ వేజెస్ లెక్కలో మధ్యలో పెరిగిన డీఏను కలపాలా వద్దా అన్న తేడా వచ్చింది. రావలసిన డబ్బు లెక్క తేల్చమని 33సి(2) కింద వేసిన పిటిషన్ ఇంకా వాయిదాల్లో ఉంది.